ఇస్తాంబుల్ వస్తాదు

"క్షవరమైతే గాని వివరం తెలియదు" అని మనవాళ్ళు ఏ ముహూర్తాన అన్నారో గాని, ఆ సామెత ఇంతవరకూ డబ్బు పోగొట్టుకున్నవాళ్ళకే ఉపయోగపడుతూ వచ్చింది. పట్నం వెళ్ళి మోసపోయిన రైతుకూ అదే సామెత, షేర్లలో మునిగిన గుమాస్తాకూ అదే సామెత, అల్లుడి మాటలు నమ్మి చిట్టీ కట్టిన మామగారికీ అదే సామెత. కాని దాన్ని అక్షరాలా తీసుకుంటే అందులో ఇంకొక అర్థం ఉన్నది. ఒక దేశం వివరం తెలియాలంటే ఆ దేశంలో క్షవరం చేయించుకోవాలి!

నవ్వకండి. పరదేశం వెళ్ళినవాడికి హోటలువాడు చిరునవ్వు అమ్ముతాడు. గైడు తారీఖులు అమ్ముతాడు. బజారువాడు తివాచీలు అమ్ముతాడు. వీళ్ళెవ్వరూ మనల్ని ముట్టుకోరు. ముక్కూ మొహమూ తెలియని మనిషికి మెడ అప్పగించి, కత్తి పట్టుకున్న అతని చేతికింద కళ్ళు మూసుకుని వాలిపోవడం అనేది ఒక్క క్షౌరశాల కుర్చీలోనే సాధ్యం. పాస్‌పోర్టు చూపిస్తే సరిహద్దు దాటవచ్చును గాని, ఇంతటి నమ్మకం మరెక్కడా కొనుక్కోలేము.

నేను 2023 మే నెలలో, కాలేజీ సెలవులలో, మా ఆవిడతో కలిసి తుర్కీ దేశం చూడబోయాను. విజయవాడ నుంచి బయలుదేరిన యాత్రాబృందం, ఇరవై రెండుమందిమి. అయా సోఫియా, నీలి మసీదు, తోప్‌కాపి కోట, బాస్ఫరస్ మీద పడవ షికారు—వీటిని గురించి నాకన్నా ముందే చాలామంది రాశారు, నాకన్నా బాగానే రాశారు. ఆ జోలికి నేను పోను. ఒక మధ్యాహ్నం మా వాళ్ళందరినీ "కప్పు బజారు"కు వదిలిపెట్టారు. 1453లో సుల్తాను రెండవ మెహమ్మదు ఆ నగరాన్ని జయించిన కొద్ది ఏళ్ళకే మొదలుపెట్టించిన బజారు అది. ఒకే కప్పు కింద అరవై వీధులు, నాలుగువేల దుకాణాలు అని గైడు చెప్పగానే మా ఆవిడ ముఖం వికసించింది, నాది వాడిపోయింది. ఆరింటికి ట్రాము స్టాపు దగ్గర కలుసుకునేట్టు ఒడంబడిక చేసుకుని, పర్సు ఆవిడకిచ్చి, నా మట్టుకు నేను కొన్ని నోట్లు జేబులో పెట్టుకుని బయటపడ్డాను. పరీక్షపేపర్లు దిద్దే హడావిడిలో జుట్టు ఆరు వారాలుగా పెరిగి చెవులమీదికి వచ్చి ఉన్నది.

ఇక్కడ ఒక మాట చెప్పాలి. "ఇస్తాంబుల్‌లో తలపని చేయించుకున్నాను" అని ఈ రోజుల్లో ఎవరితోనైనా అంటే వాళ్ళు వెంటనే మన నడినెత్తి వంక చూస్తారు. బట్టతలకు జుట్టు నాటించుకోవడానికి లోకం నలుమూలల నుంచీ జనం ఆ నగరానికి వస్తున్నారు. తల వెనకభాగం నుంచి వెంట్రుకలను కుదుళ్ళతో సహా ఒక్కొక్కటీ పెరికి, ముందుభాగంలో నాటుతారు. అచ్చంగా మన వరినాట్లే. అందుకు ముందు తలంతా నున్నగా చేస్తారు. అలా ఎర్రెర్రటి చుక్కల గుండుకు నల్లటి పట్టీ కట్టుకుని వీధుల్లో ఐస్‌క్రీము తింటూ తిరుగుతున్న పెద్దమనుషులను రోజుకు పదిమందినైనా చూశాను. మొదటిరోజున మా బృందంలోని ఒక పెద్దావిడ వాళ్ళను చూసి, "ఇక్కడ కూడా మొక్కులున్నాయా బాబూ?" అని అడిగింది. మనం తిరుమల కల్యాణకట్టలో జుట్టు ఇచ్చి గుండుతో వస్తాము. వీళ్ళు జుట్టు కొనుక్కుని గుండుతో వస్తున్నారు. ఆవిడకు ఇది బోధపరచేసరికి నా తలప్రాణం తోకకు వచ్చింది.

నాకు నాటు అవసరం లేదు, కోత కావాలి. యాత్రికులు మూగే చోట అద్దాల దుకాణాలముందు నుంచుని చేయిపట్టి లాగేవాళ్ళ దగ్గరికి వెళ్ళబుద్ధి పుట్టలేదు. బజారు వదిలి కొంతదూరం నడిచేసరికి వాలెన్స్ చక్రవర్తి పేరు గల నీటివంతెన కనపడింది. క్రీస్తుశకం 4వ శతాబ్దంలో కట్టిన ఆ రాతి కమానుల కిందినుంచి ఈనాడు బస్సులూ టాక్సీలూ దూరిపోతున్నాయి. దాన్ని ఆనుకుని "ఆడవాళ్ళ సంత" అనే పేట ఉన్నది. పేరు అదేగాని అమ్మేవాళ్ళంతా మగవాళ్ళే! దేశం ఆగ్నేయపు మూలనుంచి పొట్ట చేతపట్టుకుని వచ్చినవాళ్ళు స్థిరపడిన చోటు. వేలాడదీసిన మాంసం, పెద్ద పెద్ద తేనెతుట్టెలు, జున్ను ముద్దలు. ఆ సందులో ఒక చిన్న దుకాణం. మూడు కుర్చీలు, ఒక పొడుగాటి అద్దం, గోడమీద అతాతుర్క్ పటం, దాని పక్కన చట్రం కట్టిన ధ్రువపత్రం, దాని పక్కన ధరల పట్టిక. సామెత భయం నాకూ ఉన్నది గనుక మొదట పట్టికే చదువుకున్నాను. జుట్టుకు ఇంత, గడ్డానికి ఇంత, తలంటుకు ఇంత అని అంకెలు స్పష్టంగా వేసి ఉన్నాయి. అక్కడి వృత్తిసంఘాలవాళ్ళు ఇటువంటి పట్టికలు నిర్ణయిస్తారు. అందరికీ కనపడేట్టు పెట్టుకోవాలి.

కుర్చీ దగ్గర ఉన్నాయనకు ఏభై ఏళ్ళుంటాయి. లావుపాటి మీసం, తెల్లకోటు. ఆయనకు ఇంగ్లీషు రాదు, నాకు తుర్కీ రాదు. పక్కన పందొమ్మిదేళ్ళ కుర్రవాడు ఉన్నాడు; యాత్రికుల దగ్గరా, సెల్‌ఫోను దగ్గరా నేర్చుకున్న ఇంగ్లీషుతో దుబాసీ పని మొదలుపెట్టాడు. అతన్ని ఏమంటారని అడిగితే "చిరాక్" అన్నాడు. పని నేర్చుకునేవాణ్ణి ఆ భాషలో చిరాక్ అంటారట. నాకు నవ్వాగలేదు. గురువుకు శిష్యుడంటే ఏ భాషలోనైనా చిరాకే కాబోలు. ముప్ఫయ్యేళ్ళకు దగ్గరపడుతున్న నా బోధనానుభవం కూడా అదే చెబుతున్నది.

తెలుగు పాఠాలు చెప్పుకునేవాడికి ఆ దుకాణం నిఘంటువులా తోచింది. దుకాణాన్ని వాళ్ళు "దుక్కాన్" అంటారు. అద్దం "ఐనా", సబ్బు "సబూన్", టీ "చాయ్". కత్తి "ఉస్తురా", హైదరాబాదువాళ్ళు ఉస్తరా అంటారు గదా, అదే. స్నానశాల "హమామ్", మనకు అది ఆకుపచ్చ సబ్బుబిళ్ళ పేరుగా వచ్చి చేరింది. పారశీకం నుంచీ అరబ్బీ నుంచీ బయలుదేరిన మాటలు కొన్ని అటు వెళ్ళాయి, కొన్ని ఉర్దూ వెంట మన ఊళ్ళకు నడిచివచ్చాయి. వీటన్నిటిలోకీ నన్ను నిలబెట్టేసిన మాట ఒకటున్నది. లోపలికి వచ్చిన ప్రతివాడూ ఆ కత్తెర పట్టిన ఆయన్ని "ఉస్తా" అని పిలుస్తున్నాడు. పారశీకంలో ఉస్తాద్. అదే మన వస్తాదు! తాలింఖానాలో కర్రసాము నేర్పే గురువును, కుస్తీలో ఊరికి మొనగాణ్ణి మనం వస్తాదు అంటాము. అక్కడ వడ్రంగి ఉస్తా, తాపీపనివాడు ఉస్తా, మోటారు బాగుచేసేవాడు ఉస్తా, క్షౌరం చేసేవాడూ ఉస్తా. పని వచ్చినవాడు, ఇంకొకడికి నేర్పగలవాడు అని దాని అర్థం. కోటు తొడుక్కున్న బ్యాంకు ఉద్యోగి ఒకడు గుమ్మంలోంచి తల వంచి, "ఉస్తా, ఎంతసేపు పడుతుంది?" అని అడగడం నా చెవులారా విన్నాను. నేనూ "ఉస్తా" అని కూర్చున్నాను.

అసలు తంతు ఇప్పుడు మొదలయింది. మెడకు కాగితపు పట్టీ, ఆపైన దుప్పటి. కత్తెరా దువ్వెనా కలిసి తల చుట్టూ ఒక ప్రదక్షిణం చేశాయి. మిషను మెడ దగ్గర కాసేపు గుర్రుమన్నది. మిగతా అంతా చేతిపనే. ఈలోగా వీధి చివర టీకొట్టునుంచి మూడు గొలుసుల మీద వేలాడే పళ్ళెంలో చిన్న నడుము గల గాజుగ్లాసులతో టీ వచ్చింది. నేను తాగేదాకా కత్తెర ఆగింది. ఎదురుచూస్తున్న ముసలాయన కూడా ఏమీ తొందరపడలేదు.

తల కడగడం మన కొత్త పార్లర్లలోలాగా వెనక్కి వాల్చి కాదు. ఎదురుగా అద్దం కిందనే తొట్టి ఉంటుంది. నమస్కారం పెట్టినట్టు ముందుకు వంగి అందులో ముఖం పెట్టాలి. ఆయన ఎడమచేయి నుదుటికింద అడ్డంపెట్టి కుడిచేత్తో రుద్దుతుంటే చిన్నప్పుడు మా నాయనమ్మ తలంటు పోసినంత పని అయింది. తరువాత గడ్డం. బ్రష్షుతో నురగ కలిపి, ముఖమంతా సున్నం వేసినట్టు పూసి, వేలితో పెదవులు తుడిచాడు. కొత్త బ్లేడు రేపరు విప్పి నాకు చూపించి మరీ కత్తిలో బిగించాడు. రోగాల భయంచేత ఇప్పుడు అక్కడ పాతకాలపు పట్టాకత్తికి బదులు బ్లేడు మార్చే కత్తే వాడతారు. కత్తి గొంతు మీదికి వచ్చే ముందు చూపుడువేలితో నా మీసం చూపించి, కనుబొమలెగరేశాడు. ఉంచడమా, తీయడమా అని. ఆ ఒక్కక్షణం నా ప్రాణం పైకి పోయింది. "ఉంచు, ఉంచు!" అని తెలుగులోనే అరిచాను. ఆయనకు అర్థమయింది. మీసం ఉన్నవాడి బాధ మీసం ఉన్నవాడికే తెలుస్తుంది.

రెండు విడతలు గీసి, వేడినీళ్ళలో పిండిన తువ్వాలు ముఖాన కప్పాడు. అంతలో ముక్కుకు స్పిరిట్టు వాసన తగిలింది. కళ్ళు తెరిచి చూద్దును గదా, ఉస్తా చేతిలో చిన్న కాగడా! పుల్లకు దూది చుట్టి స్పిరిట్టులో ముంచి వెలిగించాడు. "భయపడకండి" అని చిరాక్ చెప్పేలోపల ఆ మంటను నా చెవి మీద టపటపమని తాటించడం, చేత్తో తుడవడం, రెండో చెవి దగ్గరకు పోవడం అన్నీ అయిపోయాయి. చెవులమీది నూగు కాలిపోయింది. చర్మానికి వెచ్చదనమేగాని మంట తెలియలేదు. చెవి దగ్గర మంట అరక్షణంకన్నా నిలవదు, రహస్యమంతా అందులోనే ఉన్నది. చివరకు మెడా భుజాలూ పిసికి, వేళ్ళు విరిచి, దోసిట్లో నిమ్మవాసన గల నీళ్ళు పోసి ముఖానికి రాశాడు. దాని పేరు "కొలోన్యా". జర్మనీ దేశపు కొలోన్ నగరం నుంచి 19వ శతాబ్దంలో ఉస్మానీ రాజ్యానికి చేరిన పరిమళజలం. అంతకుముందు ఇంటికి వచ్చినవారిమీద పన్నీరు చిలికేవారట, మన పెళ్ళిళ్ళలోలాగానే. బస్సులోనూ, భోజనం తరువాత హోటల్లోనూ, పండుగనాడు ఇంటి గుమ్మంలోనూ కొలోన్యా చేతుల్లో పోస్తారు. అందులో నూటికి ఎనభై పాళ్ళు ఆల్కహాలు. 2020లో కోవిడ్ వచ్చినప్పుడు లోకమంతా శానిటైజరు కోసం వెదుక్కుంటుంటే, తుర్కీవాళ్ళు వాళ్ళ తాతలనాటి కొలోన్యా సీసాల కోసం కొట్లముందు బారులు తీరారు.

దుప్పటి విదిలించి, వెనక అద్దం పట్టి చూపించి, ఉస్తా నాతో ఒక మాట అన్నాడు. "సిహ్హత్లెర్ ఒల్సున్." పక్కనున్న ముసలాయన కూడా అదే అన్నాడు. గుమ్మంలోని టీ కుర్రవాడూ అదే అన్నాడు. ఆరోగ్యం కలుగుగాక అని అర్థమట. క్షౌరమయినవాడికీ, స్నానం చేసి వచ్చినవాడికీ చూసినవారందరూ ఈ మాట చెప్పాలి. వాడుకలో నలిగి నలిగి చాలామంది నోట అది "సాఅత్లెర్ ఒల్సున్" అయిపోయింది. సాఅత్ అంటే గంట, గడియారం! "నీకు గడియారాలు కలుగుగాక" అని దీవిస్తున్నామని తెలిసికూడా ఎవరూ దిద్దుకోరు. వ్యాకరణం చెప్పేవాడిగా నాకు ఇది ఎంతో ఊరట.

నేను ఆ మాట దగ్గర ఆగిపోయాను. మనకు మాత్రం దీవెనలు తక్కువా? పిల్లవాడు తుమ్మితే "చిరంజీవ" అంటాము. పసిపాపకు నీళ్ళుపోసి "శ్రీరామరక్ష" పెడతాము. కాని క్షౌరం చేయించుకుని వచ్చినవాడితో మన ఇళ్ళలో మొట్టమొదట ఏమంటారు? "ఆగు! ఏదీ ముట్టుకోకు! ముందు నూతి దగ్గరకు పో!" జుట్టు ముక్కలు ఇల్లంతా రాలకుండా స్నానం చెయ్యమనడం సబబే. కాని ఆ కేకలో ఉన్నది జుట్టు ముక్కల భయం ఒక్కటే కాదని మీకూ తెలుసు, నాకూ తెలుసు.

మా తాతగారి రోజుల్లో ఆయనకు క్షౌరం చేసే పెద్దమనిషి పొది చంకన పెట్టుకుని పెరటిదారిన వచ్చేవాడని మా నాన్నగారు చెప్పేవారు. అరుగు కింద పీట. కూలి డబ్బు కాదు. కళ్ళం మీద ధాన్యంలో మేర. ఆ చేతులే ఊళ్ళో సెగ్గడ్డలు కోసి కట్టుకట్టేవి. ఆ ఇంటి ఆడవాళ్ళే మంత్రసానులై పురుళ్ళు పోసేవారు. పెళ్ళిపందిట్లో సన్నాయి పట్టేదీ, డోలు వాయించేదీ ఆ కుటుంబాలవాళ్ళే. పుట్టినప్పుడూ, పుట్టువెంట్రుకలు తీసేటప్పుడూ, పెళ్ళికీ, చావుకీ వాళ్ళు లేకుండా జరగదు. "మంగళం" అనే మాటనుంచి వచ్చిన పేరు వాళ్ళది. ఆ పేరే కాలక్రమాన తిట్టయి కూర్చున్నది. నాయీబ్రాహ్మణులను ఆ మాటతోనూ, అటువంటి ఇతర మాటలతోనూ కించపరచరాదని ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 2023లో ఉత్తర్వే ఇయ్యవలసి వచ్చింది. మంగళకరమైన మాటను తిట్టుగా మార్చిన భాషకు పండితుణ్ణి నేను.

చిత్రమేమంటే తుర్కీలోనూ క్షురకుడి పని ఒకప్పుడు ఇంతే విశాలంగా ఉండేది. ఉస్మానీల కాలంలో ఆయన పళ్ళు పీకేవాడు, జలగలు పట్టించేవాడు, మగపిల్లలకు సున్తీ చేసేవాడు. 16వ శతాబ్దం నడుమ ఇస్తాంబుల్‌లో కాఫీకొట్లు వెలిసినప్పటి నుంచి చాలా కొట్లలో ఒక మూల క్షౌరపు కుర్చీ కూడా ఉండేది. ఊరి వార్తలన్నీ అక్కడే పుట్టి అక్కడినుంచే ప్రయాణమయ్యేవి. వెయ్యిన్నొక్క రాత్రుల కథల్లోని బాగ్దాదు క్షురకుడు తల గొరిగే వంకతో తన ఆరుగురు అన్నదమ్ముల కథలూ చెప్పి వినేవాడి ప్రాణం తీస్తాడు గదా, అది ఊరికే పుట్టిన కథ కాదు. ఐరోపాలోనూ అంతే. లండనులో క్షురకులనూ శస్త్రవైద్యులనూ కలిపి 1540లో ఎనిమిదవ హెన్రీ ఒకే సంఘం చేశాడు. 1745లో గాని వాళ్ళు విడిపోలేదు. కత్తి ఒకటే, విడిపోయాక ఒకడు డాక్టరుగారయ్యాడు, ఇంకొకడు గుమ్మంలో ఎరుపూ తెలుపూ చారల స్తంభం పెట్టుకుని అక్కడే మిగిలిపోయాడు. మన దగ్గర శాక్యుల ఇంట క్షౌరం చేసిన ఉపాలి బౌద్ధసంఘంలో చేరినప్పుడు, రాజకుమారులు తమకంటే ముందు అతనికే దీక్ష ఇమ్మని బుద్ధుణ్ణి వేడుకున్నారట. ముందు చేరినవాడికి తరువాతవాడు మొక్కాలి గనుక తమ గర్వం అణగుతుందని. రాజగృహంలో జరిగిన మొదటి సంగీతిలో వినయపిటకం అప్పజెప్పినవాడు ఆ ఉపాలే. ఈ కథ మన అమరావతి స్తూపానికి ప్రదక్షిణం చేసినవాళ్ళంతా ఎరిగినదే అయి ఉంటుంది. తరువాత ఎప్పుడో మరిచిపోయాము.

పని ఒకటే గాని, అక్కడ మనిషి నిలబడిన చోటు వేరు. వాళ్ళ పాత వృత్తిసంఘాలకు సల్మాన్ ఫారసీ అనే మహనీయుడు ఆదిగురువు; ప్రవక్తకు క్షౌరం చేసినవాడని నమ్మకం. మన నాయీబ్రాహ్మణులు ధన్వంతరిని కొలిచినట్టే. చిరాక్‌గా చేరినవాడు కొన్నేళ్ళకు "కల్ఫా" అవుతాడు, ఆ తరువాత ఉస్తా. ఆనాడు గురువు పదిమందిలో శిష్యుడి నడుముకు వస్త్రం కట్టి దీవించేవాడు. ఇప్పుడు పరీక్ష ఉన్నది. ఉస్తా పట్టా లేనిదే దుకాణం తెరవడానికి వీల్లేదు. అతాతుర్క్ పటం పక్కన గోడకున్న చట్రం అదే! మా ఉస్తా తండ్రి పొగాకు రైతు. మేనమామ దుకాణంలో పన్నెండో ఏట నేల ఊడవడానికి చేరి ఇంతవాడయ్యాడు.

అలాగని ఆ దేశం స్వర్గమని నేను చెప్పడం లేదు. నేను వెళ్ళినప్పుడు దేశాధ్యక్ష ఎన్నికలు రెండు విడతల మధ్య ఉన్నాయి. మే 14న ఒకటి అయింది, 28న రెండవది కావాలి. వీధులన్నీ పతాకాలు. ధరలు ఆకాశాన ఉన్నాయి. ఎవరు గెలుస్తారని అడిగాను. "నేను రెండు పక్షాల తలలూ కత్తిరించాలి" అని ఉస్తా కత్తెర ఆపకుండానే చెప్పాడు. దుకాణం అద్దె మాత్రం ఏ పక్షంవాడు వచ్చినా తగ్గదట. ఈ పని తన కొడుక్కు ఇష్టం లేదట. కంప్యూటరు చదువుతున్నాడు. చిరాకులు దొరకడం కష్టంగా ఉన్నదట.

హిందూస్తానం నుంచి వచ్చానని చెప్పినప్పుడు ఆయన గుండెమీద చేయి పెట్టుకుని "దోస్త్" అన్నాడు. ఆ సంవత్సరం ఫిబ్రవరి 6న వచ్చిన భూకంపం సంగతి పాఠకులకు గుర్తుండే ఉంటుంది. ఒకే రోజున రెండు పెద్ద కుదుపులు. తుర్కీలోనే ఏభైవేలకు మించి చనిపోయారు. మన ప్రభుత్వం "ఆపరేషన్ దోస్త్" పేరున సహాయకదళాలనూ, సైనిక వైద్యశాలనూ పంపింది. ఉస్తాది ఆదియామాన్ ప్రాంతం. ఘోరంగా దెబ్బతిన్న చోట్లలో అది ఒకటి. ఇస్తాంబుల్ నుంచి డాక్టర్లు వెళ్ళారు, వంటవాళ్ళు వెళ్ళారు, క్షురకులూ వెళ్ళారు. ఈయన సంచిలో కత్తెరలూ కత్తులూ వేసుకుని ఒక తోటివాడితో కలిసి పోయాడు. గుడారాల మధ్య కుర్చీ వేసుకుని, పొయ్యిమీద నీళ్ళు కాచి, పదిహేను రోజులపాటు డబ్బు పుచ్చుకోకుండా జుట్టూ గడ్డమూ చేశాడు.

"తిండికీ బట్టకూ లేనప్పుడు గడ్డం ఎవరికి కావాలి అనుకున్నాను" అని చిరాక్ నోట చెప్పించాడు. "తెల్లవారకముందే వరస కట్టేవారు. మూడువారాలుగా ఎవ్వరూ వాళ్ళను మెత్తగా ముట్టుకోలేదు. డాక్టరు ముట్టుకుంటే నొప్పి కోసం ముట్టుకుంటాడు. ఒక ముసలాయన వచ్చాడు. ఇంట్లో అందరూ పోయారు. నోట మాట లేదు. గడ్డం చేశాను. వేడి తువ్వాలు వేస్తే దానికింద ఏడ్చాడు. తువ్వాలు తియ్యకుండా చాలాసేపు అలాగే పట్టుకున్నాను. చివర చెప్పే మాట ఉన్నది గదా, ముప్ఫయ్యేళ్ళుగా రోజుకు ఇరవైసార్లు చెబుతున్న మాట, అది నాకు నోట రాలేదు. ఆరోగ్యం కలుగుగాక అని ఎలా చెప్పను? ఆ ముసలాయనే లేచి, నా చెయ్యి పట్టుకుని, నీ చేతులకు ఆరోగ్యం కలుగుగాక అని వెళ్ళిపోయాడు."

చిరాక్ ఇంగ్లీషు ఇక్కడ రెండుమూడుసార్లు ఆగిపోయింది. నేను ఏమీ అడగలేదు. ఉస్తా బ్రష్షు కడుక్కుంటున్నాడు.

జుట్టుకూ గడ్డానికీ కలిపి 250 లీరాలు. ఆనాటి లెక్కకు మన వెయ్యి రూపాయల పైచిలుకు. మా తెనాలిలో దానితో అయిదుసార్లు చేయించుకోవచ్చును. కాని గోడమీది అంకెకు ఒక్క లీరా ఎక్కువ అడగలేదు. చిరాక్ చేతిలో ఏభై పెడితే పెద్దాయన వంక చూసి, ఆయన తల ఊపాకనే పుచ్చుకున్నాడు. ట్రాము స్టాపు దగ్గర మా ఆవిడ నన్ను రెండడుగుల దూరం నుంచి చూసి, "పదేళ్ళు తగ్గారు, ఎంతకి?" అన్నది. చెప్పాను. తన చేతిలోని మూడు సంచుల వంక చూసుకుని ఇంక మాట్లాడలేదు.

తిరిగి వచ్చాక, మా ఊళ్ళో ఇరవై ఏళ్ళుగా నాకు క్షౌరం చేస్తున్న ఆయనకు ఒక కొలోన్యా సీసా తెచ్చి ఇచ్చాను. మూత తీసి వాసన చూసి, "ఇందులో సారా పాలెక్కువే మాస్టారూ" అన్నాడు. అక్కడి విశేషాలన్నీ కుర్చీలో కూర్చునే చెప్పాను. వేడి తువ్వాలూ, టీ—వీటికి ఆయన ఏమంత ఆశ్చర్యపోలేదు. ఎదుటి వీధిలో పెద్ద కంపెనీవాళ్ళు చల్లటి గదుల సెలూను పెట్టారు. అక్కడ కాఫీ కూడా ఇస్తున్నారు. పెట్టుబడి ఎవరిదో, లాభం ఎవరిదో. నెలజీతానికి కత్తెర పట్టినవాళ్ళు మాత్రం ఈయన తమ్ముళ్ళ పిల్లలే. పట్టా సంగతి చెప్పినప్పుడు మాత్రం ఆయన చేతిలో దువ్వెన ఆగింది.

"పరీక్ష పెట్టి, గవర్నమెంటు వాళ్ళే ఇస్తారా?"

"అవును."

"ఎవరైనా రాయొచ్చా? ఎవళ్ళ పిల్లలైనా?"

"ఎవరైనా."

ఆయన కొంచెంసేపు ఆలోచించాడు. "అది మంచిదో చెడ్డదో చెప్పలేను మాస్టారూ. మా పని మాకే ఉండాలని సంఘంలో మేమే ధర్నాలు చేశాము. అందరూ వస్తే మా పిల్లలకు పోటీ. ఎవరూ రాకపోతే ఈ పేరు మాకే ఉండిపోతుంది." మళ్ళీ కత్తెర కదిలింది. "ఆ పట్టా మీద కులం రాస్తారా?"

"రాయరు. పేరూ, పనీ, తేదీ."

"ముప్ఫయ్ అయిదేళ్ళ సర్వీసుకు పరీక్షలో ఏమన్నా మార్కులు కలుపుతారేమో కనుక్కోండి" అన్నాడు. నవ్వుతున్నాడో లేదో అద్దంలో సరిగ్గా కనపడలేదు.

కొలోన్యా సీసా ఇప్పుడు ఆయన అద్దం ముందు, వెంకటేశ్వరస్వామి పటం పక్కన ఉన్నది. గడ్డం చేయించుకున్నవాళ్ళకు రెండేసి చుక్కలు పోస్తున్నాడు. చెవుల మీది మంట సంగతి కూడా ఆయన మనసులో బాగా నాటుకున్నది. రెండువారాల తరువాత వెళ్ళేసరికి చీపురుపుల్లలకు దూది చుట్టి అరడజను సిద్ధంగా పెట్టుకున్నాడు. మొదట ఎవరి చెవులమీద ప్రయత్నం చేద్దామా అని చూస్తున్నాడట. "మీకయితే అలవాటే గదా, మాస్టారూ!" అన్నాడు.

ఆ వారం నేను గడ్డం ఇంట్లోనే గీసుకున్నాను.